మీకు తెలుసా? అయిదు రూపాయల బిస్కెట్ ప్యాకెట్‌లోనూ పన్నుంది

మా వీధి మలుపులో ఇస్త్రీ బండి పెట్టుకున్నాయన ఒకరోజు మాటల మధ్యలో అన్నాడు: "పన్నులు కట్టేది మీలాంటి ఉద్యోగస్తులు సార్, మాకేం పన్ను!" ఆ మాట అంటూనే టీలో బిస్కెట్ ముంచుకుంటున్నాడు. బండి మీద అయిదు రూపాయల ప్యాకెట్టు ఉంది. అప్పుడు ఆయనకు చెప్పిన లెక్కతోనే ఈసారి మొదలుపెడతాను.

76 పైసలు

బిస్కెట్ల మీద 2025 సెప్టెంబర్ 21 దాకా జీఎస్టీ 18 శాతం ఉండేది. ప్యాకెట్టు మీద అచ్చేసే ఎమ్మార్పీలో పన్ను కలిసే ఉంటుంది. అంటే ఆ అయిదు రూపాయల్లో 76 పైసలు పన్నుకే పోయేవి. మర్నాడు, 22వ తేదీ నుంచి రేటు 5 శాతానికి దిగింది. ఇప్పుడు అందులో పన్ను 24 పైసలు. రోజుకు రెండు ప్యాకెట్లు కొనే మనిషి అంతకు ముందు ఒక్క బిస్కెట్ల మీదే ఏడాదికి 550 రూపాయల పైచిలుకు పన్ను కట్టాడన్నమాట. సబ్బు, టూత్‌పేస్టు, తలనూనె, షాంపూ కూడా అదే రోజు 18 నుంచి 5 శాతానికి వచ్చాయి. పిల్లల నోటు పుస్తకాలు, పెన్సిళ్ల మీద పన్ను పూర్తిగా పోయింది.

సరుకు ధరలో కలిసి వచ్చే ఇలాంటి పన్ను, కొనేవాడి సంపాదన ఎంతో చూడదు. నెలకు పన్నెండు వేలు వచ్చే ఇల్లూ, రెండు లక్షలు వచ్చే ఇల్లూ ఒకే సబ్బుకు ఒకే పన్ను కడతాయి. పన్నెండు వేల ఇంట్లో వచ్చిందంతా వచ్చినట్టే ఖర్చయిపోతుంది. రెండు లక్షల ఇంట్లో సగం దాచుకోగలరు, దాచుకున్నదాని మీద జీఎస్టీ పడదు. అందుకే సంపాదనతో పోల్చి చూస్తే ఈ పన్ను పేదింటి మీదే ఎక్కువ బరువు. పన్నుల గురించి ఎక్కడ ఏ చర్చ జరిగినా నేను ముందుగా చూసేది ఈ లెక్కే.

బియ్యం బస్తా 26 కిలోలు ఎందుకైంది?

2022 జులై 18 నుంచి ఒక నిబంధన వచ్చింది. బ్రాండు ఉన్నా లేకపోయినా సరే, 25 కిలోల వరకు ప్యాక్ చేసి లేబుల్ వేసిన బియ్యం, పప్పులు, గోధుమపిండి మీద 5 శాతం జీఎస్టీ కట్టాలి. విడిగా తూచి ఇస్తే పన్ను లేదు. బస్తా 25 కిలోలు దాటినా లేదు. మన కిరాణా కొట్లలో 26 కిలోల బియ్యం బస్తాలు కనిపించడం ఆ తర్వాతే మొదలైంది. 1,500 రూపాయల బియ్యానికి 5 శాతం అంటే 75 రూపాయలు. నెలనెలా బస్తా కొనే ఇంట్లో అది ఏడాదికి 900. చిన్న ప్యాకెట్లు కొనే ముందు ఈ సంగతి గుర్తుపెట్టుకోండి.

పన్ను లేని టమాటాలో పన్ను

తాజా కూరగాయల మీద జీఎస్టీ లేదు. కానీ మదనపల్లె మార్కెట్లో లారీకెక్కిన టమాటా హైదరాబాద్ చేరాలంటే డీజిల్ కావాలి. పెట్రోల్, డీజిల్, మద్యం ఇప్పటికీ జీఎస్టీ బయటే ఉన్నాయి. డీజిల్ మీద కేంద్రం ఎక్సైజ్ సుంకం వేస్తుంది, రాష్ట్రం వ్యాట్ వేస్తుంది. ఆ వ్యాట్ కూడా ఎక్సైజ్ సుంకం, డీలరు కమీషను కలిపిన ధర మీద లెక్కగడతారు. అంటే పన్ను మీద మళ్లీ పన్ను.

2025 నాటికి తెలంగాణలో వ్యాట్ పెట్రోల్ మీద 35.2 శాతం, డీజిల్ మీద 27 శాతం. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోల్ మీద 31 శాతం, డీజిల్ మీద 22.25 శాతం, దానికి తోడు లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, ఒక రూపాయి రోడ్డు సెస్సు. ఎక్సైజ్ సుంకం లీటరుకు ఇన్ని రూపాయలని ఉంటుంది. వ్యాట్ మాత్రం శాతాల్లో ఉంటుంది కాబట్టి చమురు ధర పెరిగితే పన్ను కూడా దానంతటదే పెరిగిపోతుంది. ఏ శాసనసభలోనూ ఎవరూ చెయ్యెత్తకుండానే పెరిగే పన్ను ఇది. బండి ఉన్నవాళ్లకు పెట్రోలు బంకులోనైనా తెలుస్తుంది. బండే లేని ముసలమ్మ పావుకిలో టమాటాలు కొన్నప్పుడు కట్టేది మాత్రం ఏ బిల్లులోనూ కనిపించదు.

రైతుకు పన్ను లేదనే మాట

"వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కదా, రైతుకేం!" అనే మాట పట్నాల్లో తరచూ వినిపిస్తుంది. ఆదాయపు పన్ను లేనిమాట నిజమే. వ్యవసాయ ఆదాయం మీద పన్ను వేసే అధికారం రాజ్యాంగం ప్రకారం రాష్ట్రాలది, కేంద్రం వేయడానికి వీల్లేదు. కానీ రైతు కొనే ఎరువు మీద 5 శాతం జీఎస్టీ ఉంది. పురుగు మందు మీద 18 శాతం. రెండు వేలు పెట్టి మందు డబ్బా కొంటే అందులో 305 రూపాయలు పన్నే. ట్రాక్టరు మీద 2025 సెప్టెంబర్ దాకా 12 శాతం ఉండేది, ఇప్పుడు 5.

అసలు కష్టం ఇంకోచోట ఉంది. కొట్టు యజమాని సరుకు కొన్నప్పుడు కట్టిన పన్నును, అమ్మినప్పుడు వసూలు చేసిన పన్నులోంచి మినహాయించుకుంటాడు. ధాన్యం అమ్మే రైతు అమ్మకం మీద పన్ను వసూలు చేయడు కాబట్టి ఆయనకు ఆ మినహాయింపు లేదు. ఎరువులో, మందులో, డీజిల్‌లో కట్టిందంతా పెట్టుబడిలో కలిసిపోతుంది. సొంత భూమి లేని కౌలు రైతుకైతే దాని మీద కౌలు కూడా. రైతు పన్ను కట్టడనే మాట ఇకనుంచి ఎవరైనా అంటే ఈ లెక్క వాళ్లకు చెప్పండి.

సారా పోయింది, బియ్యం ధర పెరిగింది

నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు 1992లో సారాకు ఎదురు నిలిచిన కథ తెలుగువాళ్లందరికీ తెలుసు. ఆ ఉద్యమ ఫలితంగానే 1995లో ఎన్టీఆర్ ప్రభుత్వం సంపూర్ణ మద్యనిషేధం తెచ్చింది. దాంతో ఖజానాకు పెద్ద రాబడి ఆగిపోయింది. 1996లో రెండు రూపాయల కిలో బియ్యం మూడున్నర అయింది. 1997లో నిషేధాన్నే ఎత్తేశారు. తాగుడు మీద వచ్చే పన్ను రాష్ట్రాలకు అంత అలవాటైపోయింది. కూలి డబ్బులోంచి నేరుగా తీసుకునే ఈ రాబడి మీద ఏ ప్రభుత్వం ఆధారపడినా అది తప్పే అని నా గట్టి అభిప్రాయం.

నెలకు రెండు వందలు, అందరికీ

జీతం స్లిప్పులో వృత్తి పన్ను అని ఒక గీత ఉంటుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ నెలకు 15 వేల లోపు జీతానికి అది లేదు. 15 నుంచి 20 వేల దాకా 150 రూపాయలు, ఆపైన 200. అంటే నెలకు 21 వేలు తెచ్చుకునే సేల్స్ గుమస్తా, అయిదు లక్షలు తెచ్చుకునే మేనేజరు ఇద్దరూ కట్టేది అదే 200. కారణం రాజ్యాంగంలో ఉంది. ఏ ఒక్కరి దగ్గరా ఏడాదికి 2,500 రూపాయలకు మించి ఈ పన్ను వసూలు చేయకూడదని 276వ అధికరణం చెబుతుంది. ఆ గరిష్ఠ పరిమితిని చివరిగా మార్చింది 1988లో. అంతకు ముందు 250 ఉండేది.

ఊరే ఖాళీ చేసిన పన్ను

పన్ను అన్న మాటకు తెలుగునాట బాధాకరమైన చరిత్రే ఉంది. 1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాల గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. అక్కడ ఎక్కువగా ఉండేది చేనేతవాళ్లు, చిన్న రైతులు. పన్నుల భారం ఒక్కసారిగా పెరిగింది. మాకీ మునిసిపాలిటీ వద్దు మొర్రో అని ఎన్ని విన్నపాలు చేసుకున్నా వినలేదు. ఆంధ్రరత్న దుగ్గిరాల గోపాలకృష్ణయ్య వాళ్ల ముందు నిలబడ్డాడు. 1921లో గాంధీజీ చీరాల వచ్చినప్పుడు రెండు దారులు చెప్పారు: హింస లేకుండా పన్ను నిరాకరించడం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి ఊరొదిలి వెళ్లిపోవడం. జనం రెండోది ఎంచుకున్నారు. ఊరొదిలి వెళ్తే అక్కడ పన్ను అడిగేందుకు మనుషులే ఉండరు. ఊరి బయట రామ్‌నగర్ అని పేరు పెట్టుకుని పాకలు వేసుకున్నారు. మగ్గం మీద బతికేవాళ్లు మగ్గాలు విప్పుకుని, పిల్లల్ని వెంటబెట్టుకుని, ఎండకూ వానకూ ఓర్చి దాదాపు పదకొండు నెలలు అక్కడే ఉన్నారు. గోపాలకృష్ణయ్యను ఏడాది జైల్లో పెట్టాక గానీ ఆ పట్టు సడలలేదు.

ఆ కాలంలోనే పల్నాటి అడవిలో పశువులు మేపినందుకు పుల్లరి కట్టమంటే కాదన్న కన్నెగంటి హనుమంతు 1922లో పోలీసు తూటాలకు ప్రాణాలు వదిలాడు. ఉప్పు మీద పన్ను 1947 దాకా ఉంది. ఈ మూడింటినీ గుర్తుచేసుకుంటే ఒకటి తెలుస్తుంది. అప్పటి జనానికి తాము ఏ పన్ను కడుతున్నారో, ఎంత కడుతున్నారో, ఎవరికి కడుతున్నారో స్పష్టంగా తెలుసు. పుల్లరి అంటే ఏమిటో పశులకాపరికి కూడా తెలుసు. ఇవాళ మన సబ్బులో పన్నెంతో చదువుకున్నవాళ్లం మనమే చెప్పలేం.

పన్నెండు లక్షలు దాటితే?

ఆదాయపు పన్ను మన దేశానికి 1860లో వచ్చింది. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు రాబట్టుకోవడానికి జేమ్స్ విల్సన్ తెచ్చాడు. 1973-74లో అత్యధిక శ్లాబులో సర్‌చార్జితో కలిపి 97.75 శాతం పన్ను ఉండేది. వంద రూపాయల్లో చేతికి మిగిలేది రెండుంపావు.

2025 బడ్జెట్ నుంచి కొత్త విధానంలో 12 లక్షల దాకా ఆదాయానికి పన్ను లేదు. జీతగాళ్లకు 75 వేల స్టాండర్డ్ డిడక్షన్ కలిపితే 12 లక్షల 75 వేలు. ఇక్కడ చాలామందికి ఒక భయం: "జీతం కాస్త పెరిగి పరిమితి దాటితే 60 వేలు పన్ను పడుతుందట, ఇంక్రిమెంటు వద్దంటే మేలేమో!" వద్దనకండి. లెక్కలోకొచ్చే ఆదాయం 12 లక్షల 10 వేలైతే శ్లాబుల ప్రకారం పన్ను 61,500 వస్తుంది. కానీ పరిమితి దాటింది 10 వేలే కాబట్టి పన్ను కూడా 10 వేలకు మించకుండా ఆపుతారు. దీన్ని మార్జినల్ రిలీఫ్ అంటారు. దాని మీద 4 శాతం సెస్సు ఉంటుంది. ఏ శ్లాబు రేటైనా ఆ శ్లాబు గీత దాటిన భాగానికే గానీ మొత్తానికి కాదు.

జాగ్రత్త పడాల్సింది వేరే చోట. ఫోన్‌లో షేర్లు కొని అమ్మే కుర్రాళ్లు 12 లక్షల లోపే కదా అని ధీమాగా ఉంటారు. షేర్లు కొన్న ఏడాదిలోపే అమ్మితే వచ్చే లాభానికి 20 శాతం ప్రత్యేక రేటు, దానికి ఈ 12 లక్షల మినహాయింపు (రిబేటు) వర్తించదు. జీతం ఎనిమిది లక్షలున్న అబ్బాయికి షేర్లలో లక్ష లాభం వస్తే, జీతం మీద పన్ను సున్నా అయినా ఆ లక్ష మీద సెస్సుతో కలిపి 20,800 కట్టాల్సిందే.

బ్యాంకు పట్టుకున్న డబ్బు మీదే

ఈ సంగతి కాస్త వివరంగా చెప్పాలి. మాకు తెలిసిన ఒక పెద్దావిడ భర్త పోయాక వచ్చిన డబ్బు ఎఫ్‌డీ వేసుకుంది. ఆమెకు అరవై నిండలేదు. వేరే ఆదాయం లేదు. బ్యాంకు వడ్డీలోంచి టీడీఎస్ అని కొంత పట్టుకునేది. "ప్రభుత్వానికి కట్టాలట బాబూ" అని మూడేళ్లు ఊరుకుంది. ఆమె ఆదాయానికి అసలు పన్నే పడదు. ఆ మాట ఆమెకు ఎవరూ చెప్పలేదు.

లెక్క ఇలా ఉంటుంది. తొమ్మిది లక్షల ఎఫ్‌డీకి 7 శాతం వడ్డీ అంటే ఏడాదికి 63 వేలు. ఒక బ్యాంకులో వడ్డీ ఏడాదికి 50 వేలు దాటితే 10 శాతం టీడీఎస్ పట్టాలి. అరవై నిండినవాళ్లకు ఆ పరిమితి లక్ష. పాన్ ఇవ్వకపోతే 10 బదులు 20 శాతం పడుతుంది. ఈ లెక్కన ఆమెకు ఏడాదికి 6,300 పోయాయి. టీడీఎస్ అంటే పన్ను కాదు, పన్ను పడుతుందేమోనని ముందుగా పట్టి ఉంచిన సొమ్ము. పన్ను పడకపోతే అది మనదే. కానీ రిటర్న్ వేసి అడిగితేనే తిరిగొస్తుంది.

రిటర్న్ గడువు మామూలుగా జులై 31. తప్పిపోతే డిసెంబర్ 31 దాకా వేయొచ్చు. ఆదాయం కనీస పరిమితి లోపే ఉన్నవాళ్లకు ఆలస్య రుసుము కూడా లేదు. డిసెంబర్ దాటితే మాత్రం, ఆ తర్వాత వేసే అప్‌డేటెడ్ రిటర్న్‌లో రీఫండు అడగడానికి వీల్లేదు. ప్రత్యేకంగా దరఖాస్తు పెట్టుకుని ఆలస్యాన్ని మన్నించమని కోరాలి. ఆ పెద్దావిడకు చివరి ఏడాది డబ్బు వచ్చింది, ముందు రెండేళ్లది పోయింది.

అసలు పట్టకుండా ఆపే మార్గం ఇంకా సులువు. నా ఆదాయానికి పన్ను పడదని ప్రకటిస్తూ ఏటా ఏప్రిల్‌లో బ్యాంకుకు ఒక పత్రం ఇస్తే చాలు. ఇన్నాళ్లూ దీన్ని 15జి అనేవారు, అరవై నిండినవాళ్లకైతే 15హెచ్. 2026 ఏప్రిల్ 1 నుంచి వర్తించేది కొత్త ఆదాయపు పన్ను చట్టం కాబట్టి ఫారం పేరు ఏదైనా, అడగాల్సిన మాట ఒక్కటే: "టీడీఎస్ పట్టకుండా ఇచ్చే ఫారం కావాలి." మీ ఇంట్లో, మీ వీధిలో ఎఫ్‌డీ వడ్డీ మీద బతికే పెద్దవాళ్లుంటే వాళ్ల పాస్‌బుక్ ఒకసారి చూసిపెట్టండి.

ఆరోగ్య బీమా

2025 సెప్టెంబర్ 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య, జీవిత బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. అంతకు ముందు 25 వేల ప్రీమియానికి 4,500 పన్ను పడేది. కుటుంబమంతటికీ కలిపి తీసుకున్న పాలసీకీ ఇది వర్తిస్తుంది. కంపెనీలు ఉద్యోగులకు తీసుకునే గ్రూపు పాలసీకి వర్తించదు.

ఇల్లు కొంటే

రెండు రాష్ట్రాల్లోనూ స్టాంపు డ్యూటీ, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపితే మొత్తం 7.5 శాతం. తెలంగాణలో 2021 జులై దాకా 6 శాతమే ఉండేది. కడుతుండగా ఫ్లాటు కొంటే దానికి తోడు 5 శాతం జీఎస్టీ. 45 లక్షల లోపు చిన్న ఫ్లాట్లకు 1 శాతం. ఆక్యుపెన్సీ సర్టిఫికెట్ వచ్చాక కొంటే జీఎస్టీ అసలు లేదు. 60 లక్షల ఫ్లాటుకు ఆ తేడా 3 లక్షలు. రిజిస్ట్రేషన్ ఖర్చు మరో నాలుగున్నర లక్షలు. పది లక్షలు దాటిన ఇళ్లకు అప్పిచ్చేటప్పుడు రిజిస్ట్రేషన్ ఖర్చును ఇంటి ధరలో కలిపి లెక్కించవద్దని రిజర్వ్ బ్యాంక్ బ్యాంకులకు చెప్పింది. అంటే ఆ డబ్బు చేతిలో నుంచే రావాలి. ఇంటి బడ్జెట్ వేసుకునేటప్పుడు చాలామంది మరిచిపోయేది, ఆఖరి నిమిషంలో నగలు కుదువపెట్టేది దీనికే.

మన వంద రూపాయల్లో మనకెంత?

కేంద్రం వసూలు చేసి రాష్ట్రాలతో పంచుకునే పన్నుల్లో వందకు 41 రూపాయలు రాష్ట్రాలకు ఇవ్వాలని 15వ ఆర్థిక సంఘం చెప్పింది. 2026 మార్చి దాకా కాలానికి వేసిన ఆ లెక్క ప్రకారం రాష్ట్రాల వాటాలో ఆంధ్రప్రదేశ్‌కు 4.047 శాతం, తెలంగాణకు 2.102 శాతం. అంటే ఆ వందలో ఆంధ్రప్రదేశ్‌కు వచ్చేది దాదాపు ఒక రూపాయి 66 పైసలు, తెలంగాణకు 86 పైసలు. సెస్సులు, సర్‌చార్జీలు ఈ పంపకంలోకి రావు. అందుకే కొత్త పన్ను సెస్సు పేరుతో వస్తే ఆ పేరును తేలిగ్గా తీసుకోకండి.

బిల్లులో ఏం చూడాలి?

జీఎస్టీ నంబరులో 15 అంకెలు, అక్షరాలు ఉంటాయి. మొదటి రెండూ రాష్ట్రానివి: తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు 37. తర్వాతి పది ఆ యజమాని లేదా సంస్థ పాన్. జీఎస్టీ వెబ్‌సైట్‌లో ఆ నంబరు కొడితే రిజిస్ట్రేషన్ ఉందో రద్దయిందో ఎవరికైనా కనిపిస్తుంది. కాంపొజిషన్ పద్ధతిలో ఉన్న చిన్న కొట్లు, హోటళ్లు తమ జేబులోంచి పన్ను కట్టాలే గానీ మన దగ్గర జీఎస్టీ అని విడిగా వసూలు చేయకూడదు. అలాంటి చోట ఆ సంగతి తెలిపే బోర్డు పెట్టాలి. నంబరు లేని బిల్లులో జీఎస్టీ వేస్తే కట్టనవసరం లేదు. హోటల్ బిల్లులో సర్వీస్ చార్జి అని కనిపిస్తే అది పన్ను కాదు. దాన్ని బలవంతంగా వేయకూడదని 2022 జులైలో వచ్చిన మార్గదర్శకాలను 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు సమర్థించింది.

జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్న కొట్టులో రెండు వందలు, ఆపైన ఎంత కొన్నా బిల్లు ఇచ్చి తీరాలి. రెండు వందల లోపైనా మీరు అడిగితే ఇవ్వాలి. ఇస్త్రీ బండి ఆయన ఇప్పుడు బొగ్గులు కొన్నా బిల్లు అడుగుతున్నాడు. మీరూ ఈ సాయంత్రం నుంచి అడగండి.